లోహానికి మాట నేర్పిన చేతులకు జేజేలు

2026 ఆగస్టు 21కి ఓ చిన్న రికార్డుకు తొంభై ఏళ్లు నిండుతున్నాయి. 1936లో అదే రోజున అమెరికాలోని హాలీవుడ్‌లో నలుగురు కలిసి 'మూన్‌గ్లో' అనే పాట వాయించి రికార్డు చేశారు. క్లారినెట్ బెన్నీ గుడ్‌మన్‌ది, పియానో టెడ్డీ విల్సన్‌ది, డ్రమ్ములు జీన్ క్రూపావి. నాలుగోవాడు లయనెల్ హాంప్టన్. అతని ముందున్నది అప్పటికి సుమారు పదిహేనేళ్ల వయసున్న వాయిద్యం, పేరు వైబ్రాఫోన్. మూడు నిమిషాల పైచిలుకు పాట అది. ఆ మూడు నిమిషాలతో ఓ కొత్త వాయిద్యానికి జాజ్ సంగీతంలో పెద్దపీట దక్కింది. ఆ పీట వేసిన తొలితరం కళాకారులకు అభినందన చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

ఈ ఏడాదే మన ఇంట్లోనూ పండుగ ఉంది. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, పాత కరీంనగర్ నుంచి విడివడి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. 2026 అక్టోబరుకు వాటికి పదేళ్లు. పదేళ్ల పండుగంటే సభలుంటాయి, ఊరేగింపులుంటాయి, వాటి ముందు డప్పులుంటాయి, డోళ్లుంటాయి, బ్యాండు మేళముంటుంది. కాబట్టి వాయించే చేతుల గురించి మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి అదను లేదు.

అమెరికా వాయిద్యానికీ జగిత్యాల జిల్లాలోని మన కోరుట్లకూ ఏమిటి సంబంధమని అడిగేవాళ్లుంటారు. సమాధానం బ్యాండు మేళం దగ్గరే ఉంది. పెళ్లి ఊరేగింపులో కీబోర్డు వాయించే తమ్ముణ్ణి అడిగి చూడండి. కీబోర్డుల్లో శబ్దాలకు వరుస నంబర్లుంటాయి. ప్రపంచమంతా పాటించే జనరల్ మిడి జాబితాలో పన్నెండో నంబరు వైబ్రాఫోన్‌ది. ఆ నంబరు నొక్కి మీట తాకితే గంట మోగినట్టే మొదలై, మెల్లగా అలలుగా ఊగుతూ ఆగిపోయే శబ్దమొకటి వస్తుంది. పాత సినిమా పాటల్లో రాత్రి సన్నివేశాలప్పుడు, కలల పాటల్లో చరణానికీ చరణానికీ మధ్య ఆ శబ్దాన్ని మనం ఎన్నోసార్లు విన్నాం. పేరు తెలియకపోయినా చెవికి కొత్తేమీ కాదు.

మోటారుతో ఊగే స్వరం

ముందు ఆ వాయిద్యాన్ని దగ్గరగా చూద్దాం. నడుమెత్తు బల్లలాంటి చట్రం. దాని మీద హార్మోనియం మెట్ల వరుసలోనే, తెల్లమెట్లకో వరుస, నల్లమెట్లకో వరుసగా లోహపు పట్టీలు పరిచి ఉంటాయి. మామూలుగా ముప్పయ్యేడు పట్టీలు, అంటే మూడు స్థాయిలు. మంద్రంలో పట్టీ పొడుగ్గా, తారంలో పొట్టిగా ఉంటుంది. ఒక్కో పట్టీ కింద ఒక్కో గొట్టం వేలాడుతూ ఉంటుంది. పట్టీ మోగినప్పుడు ఆ గొట్టంలోని గాలి కూడా అదే శ్రుతిలో కదిలి శబ్దాన్ని పెంచుతుంది.

అసలు కిటుకు గొట్టాల మూతి దగ్గరుంది. ప్రతి గొట్టం పైన ఓ పల్చటి బిళ్ల ఉంటుంది. బిళ్లలన్నిటినీ ఒకే ఇరుసుకు గుచ్చి, దాన్ని చిన్న మోటారుతో తిప్పుతారు. బిళ్ల తిరుగుతుంటే గొట్టం మూతి మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటుంది. మూసుకుంటే శబ్దం తగ్గుతుంది, తెరుచుకుంటే పెరుగుతుంది. చిన్నప్పుడు తిరిగే టేబుల్ ఫ్యాను ముందు నోరు తెరిచి 'ఆ' అని రాగం తీయని వాళ్లు మనలో ఎవరు? గొంతు ముక్కలు ముక్కలుగా వణుకుతూ వచ్చేది. వైబ్రాఫోన్ చేసేదీ దాదాపు అదే పని. కింద కాలితో తొక్కే పెడల్ ఒకటుంటుంది. తొక్కి పట్టుకుంటే స్వరం చాలాసేపు మోగుతుంది. వదిలేస్తే మెత్తటి పట్టీ వచ్చి లోహానికి ఆనుకుని శబ్దాన్ని ఆపేస్తుంది. కొట్టే కర్రల తలలకు నూలు చుట్టి ఉంటుంది. నూలు గట్టిగా చుడితే స్వరం పదునుగా, వదులుగా చుడితే మెత్తగా పలుకుతుంది.

ఇండియానాపొలిస్‌లోని లీడీ కంపెనీలో హెర్మన్ వింటర్‌హాఫ్ అనే అతను ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 1921 ప్రాంతంలో ఈ మోటారు ఉపాయాన్ని ఓ కొలిక్కి తెచ్చాడు. అప్పటి పట్టీలు ఉక్కువి. 1927లో షికాగోలోని డీగన్ కంపెనీలో హెన్రీ ష్లూటర్ ఉక్కు బదులు అల్యూమినియం వాడి, శబ్దాన్ని ఆపే పెడల్ బిగించాడు. నేటి వైబ్రాఫోన్ రూపం అక్కణ్నుంచి వచ్చింది.

ఇంతా చేసి, దాన్ని ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు. వినోద ప్రదర్శనల్లో వింత శబ్దం కోసం వాడుకున్నారు. రేడియో స్టేషన్లలో కార్యక్రమాల మధ్య గంట కొట్టడానికి వాడుకున్నారు. సంగీతమంటే స్వరాన్ని వంచాలి, లాగాలి, జారాలి. మన భాషలో చెప్పాలంటే గమకం పలకాలి. పట్టీని కొడితే ఒక్క స్వరమే వస్తుంది, అది ఎటూ వంగదు. దీంతో సంగీతమేం పలుకుతుందన్నది అప్పటివాళ్ల అనుమానం. అనుమానంలో తప్పేమీ లేదు. హార్మోనియం మీద గమకం పలకదని 1940లో ఆలిండియా రేడియో దాన్ని గడప బయటే నిలబెట్టిన సంగతి మనకు తెలిసిందే. ఆ కాలమంతా మన నాటకాల వాళ్లు పద్యానికి శ్రుతి హార్మోనియం మీదే పట్టుకున్నారు. మన భజన మండళ్లు దాన్ని వదల్లేదు. వాయిద్యానికి గౌరవం తెచ్చేది దాన్ని నమ్ముకున్న చేతులు. వైబ్రాఫోన్‌కూ అలాంటి చేతులే దొరికాయి.

స్టూడియో మూలన నిలబెట్టిన వాయిద్యం

అది 1930 అక్టోబరు 16, లాస్ ఏంజెలెస్‌లో రికార్డింగు. ట్రంపెట్ వాద్యంలో అప్పటికే మేరునగంలాంటి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చి ఉన్నాడు. వెనక వాయించే బృందంలో డ్రమ్ములు కొట్టే కుర్రాడు హాంప్టన్, వయసు ఇరవై రెండు. స్టూడియో మూలన వైబ్రాఫోన్ ఉంది. అదేమిటి, నీకు వాయించడం వచ్చా అని ఆర్మ్‌స్ట్రాంగ్ అడిగాడు. కుర్రాడు చిన్నప్పుడు షికాగోలో చెక్కపట్టీల జైలోఫోన్ నేర్చుకున్నవాడు. రెండు వాయిద్యాల పట్టీల వరుసా ఒకటే. ఆర్మ్‌స్ట్రాంగ్ పాత రికార్డులు నోటికి వచ్చినవాడు కూడా. అందుకని ఆ మహానుభావుడు ఎప్పుడో ట్రంపెట్ మీద వాయించిన ఓ వరసను ఆయన ముందే కర్రలతో పలికించి వినిపించాడు. ఆర్మ్‌స్ట్రాంగ్‌కు అంతకంటే ఏం కావాలి? 'మెమరీస్ ఆఫ్ యూ' పాటలో ఈ వాయిద్యాన్ని కూడా పెట్టేశారు. జాజ్‌లో వైబ్రాఫోన్ చరిత్ర అంటే ఆ రికార్డుతోనే మొదలుపెడతారు.

హాంప్టన్ 1908 ఏప్రిల్ 20న కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో పుట్టాడు. నల్లజాతి కుటుంబం. అతనికి డ్రమ్ము కర్రలు పట్టుకోవడం నేర్పింది ఓ బడిలోని క్రైస్తవ సన్యాసిని. తర్వాత షికాగోలో నల్లవారి పత్రిక 'డిఫెండర్' పేపర్ బాయ్స్ కోసం నడిపిన బ్యాండులో చేరాడు. అంటే తెల్లవారి కళాశాలలేవీ అతన్ని తయారుచేయలేదు. బడి, బ్యాండు, వీధి కలిసి తయారుచేశాయి. అతని వాయింపులో డ్రమ్ము ఎప్పుడూ పోలేదు. ఇతరులు స్వరాల మీద ఆలోచించే చోట అతను దరువు మీద ఆలోచించాడు. పట్టీ ఎలాగూ వంగదు కనుక స్వరాన్ని వంచే ప్రయత్నం మానేసి కాలాన్ని వంచాడు. దెబ్బ ఎక్కడ పడుతుందని మనం ఎదురుచూస్తామో దానికి వెంట్రుకవాసి ముందో వెనకో వేస్తాడు. విన్నవాడి కాలు దానంతటదే కదులుతుంది.

ఇరవై రోజులు పెద్దవాడు

హాంప్టన్‌కంటే సరిగ్గా ఇరవై రోజుల ముందు, 1908 మార్చి 31న, ఇలినాయ్ రాష్ట్రంలోని బియర్డ్‌స్‌టౌన్‌లో మరొకడు పుట్టాడు. పెట్టిన పేరు కెన్నెత్ నార్‌విల్. కుర్రతనంలో పెంపుడు గుర్రప్పిల్లను అమ్మి తన తొలి వాయిద్యం కొనుక్కున్నాడని చెబుతారు. వినోద ప్రదర్శనల్లో తిరిగే రోజుల్లో వేదిక మీద పేరు చెప్పేవాడు తప్పు పలికాడు, పత్రికలో ఆ తప్పు పేరే అచ్చయింది. పోనీలే అని ఇతనూ దాన్నే ఉంచుకున్నాడు. అలా రెడ్ నోర్వో అయ్యాడు.

హాంప్టన్ ఉరుమైతే నోర్వో గుసగుస. 1933 నవంబరులో అతను బాస్ క్లారినెట్, గిటార్, బేస్‌లను మాత్రమే తోడు పెట్టుకుని 'ఇన్ ఎ మిస్ట్', 'డాన్స్ ఆఫ్ ది ఆక్టోపస్' అనే రెండు ముక్కలు రికార్డు చేశాడు. ఆ బాస్ క్లారినెట్ వాయించింది మరెవరో కాదు, మనం మొదట్లో చెప్పుకున్న బెన్నీ గుడ్‌మనే. నృత్యానికి పనికొచ్చే పాటలు కావాలని చూస్తున్న కంపెనీ పెద్ద ఆ నెమ్మదైన, చిత్రమైన సంగీతం విని మండిపడి, కాంట్రాక్టు చించేశాడని అంటారు. ఇప్పుడు జాజ్ చదువుకునేవాళ్లు ఆ రెండు ముక్కల్నీ వెతుక్కుని మరీ వింటారు. కళ విషయంలో కంపెనీ వాడి కోపానికి ఆయుష్షు తక్కువ.

నోర్వో పదేళ్లపాటు జైలోఫోన్ మీదే ఉండి, నలభైల మొదట్లో వైబ్రాఫోన్‌కు మారాడు. మారినా మోటారును మాత్రం ఆపేసి వాయించేవాడు. వణుకు లేకుండా స్వరం శుభ్రంగా వినిపించాలన్నది అతని పట్టుదల. వాయిద్యానికి ప్రాణమని అందరూ అనుకున్న మోటారునే వద్దన్న ధైర్యం చూడండి. 1945లో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ అనే ఇద్దరు కుర్రాళ్లు జాజ్‌ను తలకిందులు చేస్తుంటే పాతతరం చాలామంది ముఖం చిట్లించారు. నోర్వో వాళ్లిద్దరినీ పిలిచి తన పేరుతో వచ్చే రికార్డులో వాయింపజేశాడు. 1950లో టాల్ ఫార్లో గిటార్, చార్లెస్ మింగస్ బేస్ తోడుగా డ్రమ్ములే లేని ముగ్గురి బృందం నడిపాడు. తాళం వేసేవాడు లేకుండానే ముగ్గురూ పరుగులు తీసేవారు. తనకంటే చిన్నవాళ్లకు తలుపు తీసిన పెద్దవాడిగా అతనికి రెండో నమస్కారం.

మూడో పేరు ఏడ్రియన్ రొలీని. 1903లో న్యూయార్క్‌లో పుట్టాడు. నాలుగేళ్ల వయసులోనే వాల్‌డార్ఫ్ హోటల్లో పియానో కచేరీ చేశాడని చెప్పుకుంటారు. ఇరవైల్లో మనిషెత్తు బాస్ సాక్సఫోన్ వాయించడంలో అతనికి సాటి లేడు. ముప్పైల్లో ఆ వాయిద్యం మోజు తగ్గిపోగానే మూల కూర్చోకుండా వైబ్రాఫోన్ పట్టాడు, చిన్న బృందం పెట్టుకున్నాడు. ఊపిరితో వాయించే చోటి నుంచి కర్రలతో వాయించే చోటికి, అదీ పేరు వచ్చాక మారడం ఆషామాషీ కాదు.

ఆడవాళ్ల పేరు లేకుండా ఈ అభినందన పూర్తి కాదు. మార్జరీ హయమ్స్ 1944లో వుడీ హెర్మన్ బ్యాండులో వైబ్రాఫోన్ వాయించింది. తర్వాత 1949లో జార్జ్ షియరింగ్ అయిదుగురి బృందంలో చేరింది. పియానో, గిటార్, వైబ్రాఫోన్ మూడూ ఒకే వరసను కలిసి పలికే ఆ బృందపు తీరు దేశమంతా మోగిపోయింది. ఆ మూడు గొంతుల్లో ఒకటి ఆమెది. బ్యాండులో ఆడపిల్ల అంటే పాడటానికే అనుకునే రోజుల్లో ఆమె కర్రలు పట్టుకుని నిలబడింది.

ఒకే వేదిక, ఒకే వరస

తిరిగి 1936కు వద్దాం. ఆ ఎండాకాలం గుడ్‌మన్ లాస్ ఏంజెలెస్‌లో ఉన్నాడు. అప్పటికే దేశమంతా పేరున్న తెల్లజాతి బ్యాండు నాయకుడు. ఊళ్లో పారడైజ్ అనే క్లబ్బులో హాంప్టన్ చిన్న బృందంతో వాయిస్తున్నాడని విని ఓ రాత్రి వెళ్లాడు. విని ఊరుకోలేక తన క్లారినెట్ తీసి పక్కన చేరిపోయాడు. మరో రాత్రి టెడ్డీ విల్సన్‌ను, జీన్ క్రూపాను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. నలుగురూ కలిసి తెల్లవారేదాకా వాయించారు. ఆ ఊపులోంచే 'మూన్‌గ్లో' రికార్డు పుట్టింది. నవంబరులో హాంప్టన్ గుడ్‌మన్ బృందంలో చేరడానికి కారులో న్యూయార్క్ బయల్దేరాడు. దారిలో అరిజోనాలోని యూమాలో ఆగి గ్లాడిస్ అనే ఆమెను పెళ్లాడాడు. తర్వాత అతని బ్యాండు లెక్కాపత్రం, ఒప్పందాలు అన్నీ చూసుకుని నిలబెట్టింది ఆమే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. విల్సన్, హాంప్టన్ నల్లవాళ్లు. గుడ్‌మన్, క్రూపా తెల్లవాళ్లు. ఆ రోజుల్లో అమెరికాలో రెండు జాతుల వాళ్లూ ఒకే వేదిక మీద జనం ముందు కలిసి వాయించడం మామూలు విషయం కాదు. దక్షిణాది రాష్ట్రాల్లో రైలుపెట్టె వేరు, భోజనశాల వేరు, బడి వేరు. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో నల్ల ఆటగాడు జాకీ రాబిన్సన్ బరిలోకి దిగింది 1947లో. అంతకు పదేళ్ల ముందే ఈ నలుగురు ఒకరి వరసకు ఒకరు జవాబిస్తూ దేశం ముందు నిలబడ్డారు. 1938 జనవరి 16న న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో, అంటే శాస్త్రీయ సంగీతానికి గుడిలాంటి చోట, గుడ్‌మన్ కచేరీలో వాళ్లు వాయించారు. ఉపన్యాసం ఇవ్వలేదు, జెండా పట్టలేదు. తమ వంతు రాగానే తమ వరస వాయించారు, ఎదుటివాడి వంతు రాగానే చెవి పెట్టి విన్నారు. అంతకంటే గట్టి సమానత్వపు పాఠం ఏ బడిలోనూ చెప్పరు.

1940లో హాంప్టన్ సొంత బ్యాండు పెట్టుకున్నాడు. 1942 నాటి 'ఫ్లయింగ్ హోమ్' రికార్డు అతని పేరును ఇంటింటికీ చేర్చింది. అతని బ్యాండు ఓ గురుకులంలా నడిచింది. డెక్స్‌టర్ గోర్డన్, చార్లెస్ మింగస్, వెస్ మాంట్‌గోమరీ, గాయని డైనా వాషింగ్టన్, పద్దెనిమిదేళ్ల క్విన్సీ జోన్స్, అందరూ ఆ గడప తొక్కి పెద్దవాళ్లయినవాళ్లే. 1987లో ఐడహో విశ్వవిద్యాలయం తన సంగీత విభాగానికి హాంప్టన్ పేరు పెట్టుకుంది. 2002 ఆగస్టు 31న తొంభై నాలుగేళ్ల వయసులో కన్నుమూశాడు.

మోటారును నిదానింపజేసినవాడు

తొలితరం వేసిన దారి ఎంత గట్టిదో తర్వాత నడిచినవాడిని చూస్తే తెలుస్తుంది. మిల్ట్ జాక్సన్ 1923 జనవరి 1న డెట్రాయిట్‌లో పుట్టాడు. చర్చి పాటల మధ్య పెరిగాడు. అందుకేనేమో, అతనికి వైబ్రాఫోన్ గొంతులా పాడాలన్న కోరిక. హాంప్టన్ మోటారు సెకనుకు పది చుట్లు తిరిగితే జాక్సన్ దాన్ని మూడు చుట్ల చిల్లరకు తగ్గించాడని లెక్క చెబుతారు. మోటారు నిదానించగానే వణుకు పోయి ఊపిరి వచ్చింది. పాడేవాడు పాదం చివర గొంతును నెమ్మదిగా కదిలించినట్టు స్వరం కదిలింది. గమకం పలకదన్న లోహం నుంచి గమకానికి దగ్గరి బంధువును రాబట్టాడు. 1952లో పియానో వాద్యకుడు జాన్ లూయిస్‌తో కలిసి మోడర్న్ జాజ్ క్వార్టెట్‌గా స్థిరపడ్డాడు. నలుగురు నల్లజాతి కళాకారులు, నిండుగా సూట్లు, శాస్త్రీయ కచేరీల్లో ఉండేంత క్రమశిక్షణ. తాగుతూ మాట్లాడుకునే చోట కాదు, నిశ్శబ్దంగా కూర్చుని వినే చోట తమ సంగీతం వినిపించాలని పట్టుబట్టి సాధించుకున్నారు.

మోటారు గిర్రున తిప్పినవాడొకడు, ఆపేసినవాడొకడు, నిదానింపజేసినవాడొకడు. వాయిద్యం ఒకటే. మూడు మనసులు మూడు రకాలుగా పలికించాయి. యంత్రం వచ్చి కళను మింగేసిందని మనం తరచూ వాపోతుంటాం. వీళ్ల కథ వింటే యంత్రం మీట మీద ఎవరి చెయ్యి ఉందన్నదే అసలు ప్రశ్న అని అర్థమవుతుంది. మరమగ్గాల మీద బతికే సిరిసిల్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

పరాయి వాయిద్యాన్ని సొంతం చేసుకోవడంలో మన తెలుగువాళ్లూ తక్కువేం కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక రాగాలు పలికించినప్పుడు పెదవి విరిచినవాళ్లున్నారు. ఆ బాలుడే 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి ప్రపంచాన్ని ఒప్పించాడు. తర్వాత జాజ్ గిటార్ దిగ్గజం జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని 'రిమెంబర్ శక్తి' బృందంలో సమానంగా వాయించాడు. హాంప్టన్, జాక్సన్‌ల దారి మన గడప దాకా వచ్చిందనడానికి ఇదో సాక్ష్యం.

మన చేతుల సంగతి

ఇప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల వైపు చూద్దాం. మన దగ్గర డప్పు లేని శుభమూ లేదు, అశుభమూ లేదు. పెళ్లికో దరువు, చావుకో దరువు, పీరీల గుండం చుట్టూ మరో దరువు, బోనాల ముందు ఇంకోటి. కళాకారుడు గడ్డిమంట మీద డప్పును కాచి, వేలితో మీటి చూసి, చర్మం బిగిసిందా లేదా అని చెవితోనే తేల్చుకుంటాడు. ఒక చేతిలో సిర్ర, మరో చేతిలో చిటికెన పుల్ల. ఆ రెండు పుల్లల మధ్య నడిచే లెక్క ఏ హాంప్టన్‌కూ తీసిపోదు. కానీ పండుగ నాడు ముందు నడిచే ఆ చేతులనే మర్నాడు ఊరు అవతల నిలబెట్టిన చరిత్ర మనది. 1936లో ఆ నలుగురు కలిసి చెరిపిన గీతకు అన్నలాంటి గీత మన ఊళ్లలోనూ ఉండేది. చాలాచోట్ల చెరిగింది, కొన్నిచోట్ల ఇంకా మసగ్గా కనిపిస్తూనే ఉంది.

డోలు, తాళాలతో మల్లన్న కథ, బీరప్ప కథ చెప్పే ఒగ్గు కళాకారులు వేములవాడ చుట్టుపక్కల తరాలుగా ఉన్నారు. ఒగ్గుకథకు పెద్దపేరు తెచ్చిన మిద్దె రాములుది హనుమాజీపేట. జ్ఞానపీఠం అందుకున్న కవి సినారె పుట్టిందీ ఆ ఊళ్లోనే. సినారె పేరు తెలియని బడిపిల్లలు మన దగ్గర అరుదు. మిద్దె రాములు పేరు తెలిసిన పిల్లలు కూడా అంతే అరుదు. రాసిన అక్షరానికి దక్కిన నీడ మోగిన డోలుకు దక్కలేదు.

చిరుతల రామాయణం ఆడే బృందాలు మన పల్లెల్లో ఉన్నాయి. రాత్రంతా చిరుతలు ఒకే లయలో మోగించే ఆ చేతుల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. కోరుట్ల, మెట్‌పల్లి పెళ్లిళ్లలో క్లారినెట్, ట్రంపెట్ వాయించే బ్యాండు మేళం వాళ్లు కూడా అంతే. పరాయి వాయిద్యాల మీద మన పాటను పలికించిన వాళ్లు. డీజే పెట్టెలు వచ్చాక వాళ్ల పిలుపులు తగ్గాయి. ఉన్నవాళ్లలోనూ కొడుకులకు నేర్పడం మానేసి గల్ఫ్ వీసా కోసం తిరుగుతున్నవాళ్లున్నారు.

అందుకే పదేళ్ల పండుగ జరుపుకునే మన రెండు జిల్లాల పెద్దలకూ, సంఘాలకూ, బడి పంతుళ్లకూ మూడు మనవులు. ఒకటి, పండుగ కరపత్రాల్లో అతిథుల పేర్ల పక్కన వాయించేవాళ్ల పేర్లు కూడా తప్పుల్లేకుండా అచ్చు వేయండి. నోర్వో తప్పు పేరుతోనే సర్దుకున్నాడు, మనవాళ్లలో చాలామందికి ఆ తప్పు పేరైనా అచ్చు కాలేదు. రెండు, వాళ్లను ఊరేగింపు ముందు నడిపించి వదిలేయకుండా వేదిక మీద కుర్చీ వేసి కూర్చోబెట్టండి, ఓ పావుగంట మాటలాపి వాయింపు వినండి. మూడు, ఊళ్లో మిగిలిన పెద్ద కళాకారుడి దరువులన్నీ ఒక్కొక్కటిగా, పేరుతో సహా రికార్డు చేయించండి. 1930లో ఆ స్టూడియోలో రికార్డు తీసి ఉండకపోతే హాంప్టన్ తొలి పలుకు మనకు దక్కేది కాదు. ఇవాళ ప్రతి జేబులోనూ ఫోనుంది. కావలసింది ఓ మధ్యాహ్నం తీరిక మాత్రమే.

తొంభై ఏళ్ల 'మూన్‌గ్లో'కు, హాంప్టన్‌కు, నోర్వోకు, రొలీనికి, మార్జరీ హయమ్స్‌కు, వాళ్ల బాటలో నడిచిన మిల్ట్ జాక్సన్‌కు తెలంగాణ గడ్డ నుంచి హృదయపూర్వక అభినందనలు. పదేళ్ల జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో డప్పు, డోలు, చిరుత, క్లారినెట్ పట్టిన ప్రతి చేతికీ అంతే పెద్ద అభినందన. పాఠకులకు ఒక్క మాట: వచ్చే పెళ్లికి బ్యాండు మేళం మాట్లాడేటప్పుడు ధర అడిగే ముందు వాయించేవాళ్ల పేర్లు అడగండి.